స్టేడియం లెక్క: హనుమకొండ నుంచి చూస్తే

(హనుమకొండలో ఒక విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న వ్యాయామోపాధ్యాయ మిత్రులకు, వెనుక వరుసల్లో సర్దుకుని కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. క్రీడా సౌకర్యాల వల్ల, క్రీడా పోటీల వల్ల స్థానికులకు ఆర్థికంగా ఏం ఒరుగుతుందో చెప్పమని నన్ను అడిగారు. డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. ఆటల్లో నా ప్రావీణ్యం క్యారమ్ బోర్డు దాటలేదు. అందువల్ల ఆట సంగతి మీకు వదిలేసి, ఆట చుట్టూ తిరిగే రూపాయి గురించి మాత్రమే మాట్లాడతాను.

మన ఊరి నుంచే మొదలుపెడదాం. 2021 సెప్టెంబరు 15 నుంచి 19 వరకు ఐదు రోజుల పాటు హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో (జేఎన్ఎస్‌లో) 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. 2002 బుసాన్ ఆసియా క్రీడల్లో సునీతారాణి నెలకొల్పిన మహిళల 1500 మీటర్ల జాతీయ రికార్డును హర్మిలన్ బైన్స్ ఇక్కడే, ఈ ట్రాక్ మీదే, 4 నిమిషాల 5.39 సెకన్లలో పరుగెత్తి తిరగరాసింది. దేశంలోని అథ్లెటిక్స్ అభిమానులు ఆ వారం రోజులూ వరంగల్ పేరు తలుచుకున్నారు. అది మనకు గర్వకారణం, అందులో సందేహం లేదు. అయితే గర్వం వేరు, ఆదాయం వేరు. రెండింటినీ ఒకే పద్దులో రాయడం వల్లనే ఈ విషయంలో గందరగోళమంతా పుడుతోంది.

ఇలాంటి పోటీలు జరిగినప్పుడల్లా నిర్వాహకులు ఒక సులువైన లెక్క చెబుతారు. ఇంతమంది వచ్చారు, ఇన్ని రోజులు ఉన్నారు, ఒక్కొక్కరు రోజుకు ఇంత ఖర్చు పెట్టారు, మూడింటినీ గుణిస్తే ఊరికి వచ్చిన లాభం ఇంత అని. ఈ లెక్కలో మొదటి లోపం ఏమిటంటే, ఆ పోటీలు లేకపోతే ఆ గదుల్లో ఎవరు ఉండేవారో అది అడగదు. పెళ్లిళ్ల ముహూర్తాలు జోరుగా ఉన్న మాఘంలోనో, వైశాఖంలోనో ఇవే పోటీలు పెట్టి ఉంటే, అప్పటికే నిండిపోయిన లాడ్జీల్లో పెళ్లివారి బదులు క్రీడాకారులు దిగేవారు, అంతే తేడా. 2021లో ఆ ఐదు రోజులు భాద్రపదంలో వచ్చాయి. శూన్యమాసం కాబట్టి పెళ్లిళ్లు లేవు. పైగా కరోనా రెండో ఉద్ధృతి తగ్గి కొద్ది నెలలే అయింది. కనుక ఆ వారం వచ్చిన ప్రతి అతిథీ మన లాడ్జీలకు, కాజీపేట ఆటోలకు, మెస్సులకు నిజంగా అదనపు అతిథే. ఎవరూ పంచాంగం చూసి ఆ తేదీలు పెట్టి ఉండరు గానీ, పోటీల తేదీలు ఖరారు చేసే సంఘాలు ఒకసారి పంచాంగం చూస్తే తప్పులేదని నా మనవి.

రెండో లోపం ఇంకా పెద్దది. వచ్చిన డబ్బు ఎంత అని అడుగుతారు తప్ప, నిలిచిన డబ్బు ఎంత అని అడగరు. ఇది మనకు పుస్తకాల నుంచి నేర్చుకోవలసిన విషయం కాదు, కాకతీయుల గొలుసుకట్టు చెరువులను చూస్తే తెలుస్తుంది. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువుకు పోతుంది, అది నిండితే దాని కిందిదానికి పోతుంది. ఒకే వాన నాలుగు ఊళ్ల పొలాలను తడుపుతుంది. అర్థశాస్త్రంలో గుణకం అనే మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు, తరగతి గదిలో ఎన్నో ఏళ్లు ఇదే చెప్పాను. వచ్చిన క్రీడాకారుడు మెస్సులో వంద రూపాయలు ఇస్తాడు. మెస్సు యజమాని అందులో నలభై రూపాయలు ఇక్కడి కూరగాయల వ్యాపారికి, వంటమనిషికి ఇస్తే, వాళ్లు అందులో మళ్లీ నలభై శాతం ఇక్కడే ఖర్చు చేస్తే, ఆ వంద చివరికి ఊళ్లో సుమారు నూట అరవై ఏడు రూపాయల పని చేస్తుంది. కట్టకు బుంగ పడి, ప్రతి అంచెలోనూ ఇరవై శాతమే నిలిచిందనుకోండి, అదే వంద నూట ఇరవై ఐదు దగ్గర ఆగిపోతుంది. ఇవి నేను ఉదాహరణకు తీసుకున్న అంకెలు, సర్వే ఫలితాలు కావు. క్రీడా పోటీల్లో బుంగలు ఎక్కడ పడతాయో మాత్రం కళ్లకు కనబడుతూనే ఉంటుంది. గది బుక్ చేసే యాప్ కమిషన్ బయటికి పోతుంది, టెంట్లు, తెరలు, సౌండ్ సిస్టమ్ కాంట్రాక్టు హైదరాబాదుకు పోతుంది, క్రికెట్ బ్యాటు మీరట్ నుంచి, ఫుట్‌బాల్ జలంధర్ నుంచి వస్తాయి కనుక వాటి సొమ్ము అక్కడికే చేరుతుంది. అరటిపండ్లు, పాలు, గుడ్లు, ఆటో కిరాయి, బట్టలు ఉతికే కూలీ, ఇవే ఊళ్లో నిలిచేవి. స్టేడియం గురించి మాట్లాడేటప్పుడు మనం గుడ్ల గురించి మాట్లాడుకోము, అది చిన్న విషయం అనిపిస్తుంది. నిజానికి ఊరికి దక్కేది ఆ చిన్న విషయాల్లోనే ఉంది.

మరొక చిక్కు కూడా ఉంది. ఏ ఊరికి లాభం అన్నది మనం గీత ఎక్కడ గీస్తామన్న దాని మీద ఆధారపడుతుంది. ఉప్పల్ క్రికెట్ స్టేడియం హైదరాబాదులో వరంగల్ రోడ్డు మొదట్లోనే ఉంది. ఐపీఎల్ మ్యాచ్ నాడు కాజీపేటలో రైలెక్కి వెళ్లే మన కుర్రాళ్లు టికెట్టుకు, బిర్యానీకి, జెర్సీకి పెట్టే ఖర్చు ఉప్పల్‌కు కొత్త ఆదాయమే. ఆ సాయంత్రం హనుమకొండలో వాళ్లు చూడవలసిన సినిమా, తినవలసిన భోజనం మాత్రం తగ్గిపోయాయి. రాష్ట్రం మొత్తం లెక్కలో ఆ రూపాయి పుట్టలేదు, చోటు మారింది. ఉప్పల్‌ను చూపించి "మాకూ ఒక అంతర్జాతీయ స్టేడియం కావాలి" అనే మన కోరికలో న్యాయం ఉంది గానీ, ఆ స్టేడియానికి వచ్చేవాళ్లు ఎక్కడినుంచి వస్తారో అని ఒక్కసారి ఆలోచించాలి. అధిక భాగం కరీంనగర్, ఖమ్మం, మహబూబాబాద్ నుంచి వస్తే, అక్కడి సినిమా హాళ్లే మన స్టేడియానికి చందా కట్టినట్టవుతుంది.

ఇది నా సొంత అనుమానం కాదు. అమెరికాలో రాబర్ట్ బాడే, ఆండ్రూ జింబలిస్ట్, రోజర్ నోల్ వంటి ఆర్థికవేత్తలు దశాబ్దాలుగా స్టేడియాలు కట్టిన నగరాలను పరిశీలించి, ప్రజాధనంతో కట్టిన పెద్ద స్టేడియాలు చెప్పినంత ఉపాధిని గానీ, ఆదాయాన్ని గానీ తేలేదని నిర్ధారించారు. రాజకీయంగా ఎన్నో విషయాల్లో విభేదించే ఆ దేశపు ఆర్థికవేత్తల్లో ఇంత ఏకాభిప్రాయం ఉన్న అంశాలు అరుదు. మాంట్రియల్ నగరం 1976 ఒలింపిక్స్ అప్పు తీర్చడానికి ముప్పై ఏళ్లు పట్టింది. 2006 దాకా సిగరెట్ల మీద పన్ను వేసి మరీ తీర్చారు. 2014 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు కోసం బ్రెజిల్ రాజధానిలో కట్టిన స్టేడియం ఆవరణను ఏడాది తిరగక ముందే సిటీ బస్సులు నిలపడానికి వాడుకున్నారు. లాస్ ఏంజిలిస్ 1984లో ఇరవై కోట్ల డాలర్లకు పైగా మిగుల్చుకోగలిగింది, ఎందుకంటే 1932 ఒలింపిక్స్ నాటి కొలీజియం స్టేడియంలోనే ప్రధాన పోటీలు పెట్టి, కొత్తవి వీలైనంత తక్కువగా కట్టింది. పాత ఇంట్లోనే పెళ్లి చేసినవాడికి అప్పులుండవు.

దూరం ఎందుకు, హైదరాబాదునే చూడండి. 2002 జాతీయ క్రీడలకు, 2003 ఆఫ్రో ఏషియన్ క్రీడలకు, 2007 ప్రపంచ సైనిక క్రీడలకు గచ్చిబౌలి ప్రధాన వేదిక. ఆఫ్రో ఏషియన్ క్రీడలు ఆ ఒక్కసారి తప్ప మళ్లీ ఎన్నడూ ఎక్కడా జరగలేదు. క్రీడాకారుల బస కోసం కట్టిన పద్నాలుగు అంతస్తుల భవనాన్ని 2020లో కరోనా ఆసుపత్రిగా మార్చారు. దాన్ని నేను ఎగతాళి చేయడం లేదు, ఆ కష్టకాలంలో ఆ భవనం ఎన్నో ప్రాణాలకు ఉపయోగపడింది. కాకపోతే క్రీడల కోసం కట్టినది ఆసుపత్రికి ఖాళీగా ఎందుకు దొరికిందన్నది అడగవలసిన ప్రశ్న. అదే గచ్చిబౌలి ప్రాంతంలో 2001 ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ విజేత పుల్లెల గోపీచంద్ 2008లో ఐదెకరాల స్థలంలో అకాడమీ ప్రారంభించారు. అక్కడ గ్యాలరీలు లేవు, బాణసంచా లేదు. తెల్లవారుజామున నాలుగింటికి దీపాలు వెలుగుతాయి. సైనా, సింధు, శ్రీకాంత్ అక్కడే తయారయ్యారు. వాళ్లను చూసి దేశం నలుమూలల నుంచి వచ్చిన పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు చుట్టుపక్కల ఇళ్లు అద్దెకు తీసుకుని ఏళ్ల తరబడి కాపురం ఉన్నారు. వారం రోజుల అతిథికీ, ఐదేళ్ల అద్దెదారుకూ ఉన్న తేడా కిరాణా కొట్టువాడిని అడిగితే చెబుతాడు.

ఈ సందర్భంలో మేడారం గుర్తు చేయకుండా ఉండలేను. అది క్రీడ కాదు, మన భక్తి. పోలిక కేవలం ఏర్పాట్ల వరకే. రెండేళ్లకోసారి నాలుగు రోజుల పాటు తాడ్వాయి అడవిలో ఒక మహానగరం వెలుస్తుంది. బెల్లం దుకాణాలు, కోళ్ల వ్యాపారులు, ఆర్టీసీ బస్‌స్టేషన్, ఎడ్లబండ్ల బాటలు, జంపన్న వాగు ఒడ్డున గుడారాలు, అన్నీ లేస్తాయి. జాతర అయిపోగానే దుకాణాలు విప్పేస్తారు. అక్కడ వ్యాపారం చేసేవాళ్లలో ఎవరూ నాలుగు రోజుల గిరాకీని నమ్ముకుని పది అంతస్తుల లాడ్జీ కట్టరు; వాళ్లకు ఏ విశ్వవిద్యాలయమూ చెప్పలేదు, అయినా తెలుసు. తాత్కాలికమైన గిరాకీకి తాత్కాలికమైన కట్టడమే సరిపోతుందన్న ఈ చిన్న సూత్రాన్ని పెద్ద పెద్ద క్రీడా సంఘాలు ఎందుకో మరచిపోతాయి. ఐదు రోజుల పోటీలకు ముప్పై వేల సీట్ల గ్యాలరీ అడుగుతారు. ఇనుప పైపులతో కట్టి విప్పే గ్యాలరీలు ఉన్నాయి కదా అంటే అది తమ స్థాయికి తక్కువన్నట్టు చూస్తారు.

ఇప్పుడు ఏడాదిలో మిగిలిన మూడువందల అరవై రోజుల సంగతికి వద్దాం. నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇక్కడే ఉంది. పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్ వచ్చిన ఏడాది తెల్లవారుజామున ఐదింటికి ఈ ఊరి మైదానాల్లో ఏదో ఒకదానికి వెళ్లి చూడండి. జేఎన్ఎస్ అయినా, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ అయినా, విశ్వవిద్యాలయం మైదానమైనా ఒకటే దృశ్యం. 2022 నోటిఫికేషన్ ప్రకారం అబ్బాయిలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, అమ్మాయిలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి. ఆపై లాంగ్‌జంప్, షాట్‌పుట్. ఈ పిల్లలు వాటిని "ఈవెంట్స్" అంటారు. మనం ఈవెంట్ అంటే మంత్రిగారు వచ్చి రిబ్బను కత్తిరించేది అనుకుంటాం, వాళ్లకు ఈవెంట్ అంటే జీవితం. ములుగు నుంచి, భూపాలపల్లి నుంచి, ఏటూరునాగారం నుంచి వచ్చి గదికి ముగ్గురు నలుగురు చొప్పున అద్దెకుండి, ఉదయం మైదానంలో, పగలు గ్రంథాలయంలో, సాయంత్రం మళ్లీ మైదానంలో గడుపుతారు. వీళ్ల మీద ఆధారపడి రాగి జావ బండి, ఉడికించిన గుడ్ల బండి, మెస్సు, బూట్ల దుకాణం, జిరాక్స్ సెంటర్, గదుల యజమాని బతుకుతున్నారు. ఒక కుర్రాడికి కానిస్టేబుల్ ఉద్యోగం వస్తే ముప్పై ఏళ్ల పాటు నెలనెలా జీతం అతని ఊరికి చేరుతుంది. ఏ పోటీల నివేదికలోనూ ఈ లెక్క కనబడదు. నా దృష్టిలో ఉత్తర తెలంగాణలో ఒక మైదానం ఇచ్చే అతి పెద్ద ఆర్థిక ఫలితం ఇదే. దీనికి కావలసినవి చదునైన ట్రాక్, నాలుగు దీపాలు, తాగునీరు, ఆడపిల్లలకు మరుగుదొడ్లు, ఉదయం నాలుగున్నరకు గేటు తీసే మనిషి.

ఆ గేటు తీసే మనిషి గురించి ఇంకొంచెం చెప్పనివ్వండి. ఒక సింథటిక్ ట్రాక్ వేయడానికి ఏడు కోట్ల రూపాయలు అవుతుందనుకుందాం, మన దేశంలో ఖర్చు దాదాపు అలాగే ఉంటుంది. జాగ్రత్తగా చూసుకుంటే సుమారు పదేళ్లు మన్నుతుంది. అంటే ఏడాదికి డెబ్బై లక్షలు, రోజుకు పంతొమ్మిది వేల రూపాయల చిల్లర. మనం తలుపు తీసినా తీయకపోయినా ఆ పంతొమ్మిది వేలు ప్రతి సూర్యాస్తమయానికీ అరిగిపోతూనే ఉంటాయి. రోజుకు రెండు వందల మంది పరుగెత్తితే ఒక్కొక్కరికి తొంభై ఆరు రూపాయలు పడుతుంది, ఇరవై మందే వస్తే తొమ్మిది వందల అరవై. ఇప్పుడు ఆలోచించండి, ఒక కాపలాదారు జీతం, ఒక కోచ్ గౌరవ వేతనం మిగుల్చుకుందామని మైదానానికి తాళం వేస్తే మిగిలిందా, పోయిందా? కట్టడానికి నిధులు దొరుకుతాయి, ఎందుకంటే శిలాఫలకం మీద పేరు ఉంటుంది. చీపురు మీద ఎవరి పేరూ ఉండదు కనుక నిర్వహణకు దొరకవు.

మంచి శిక్షణ దగ్గరలో లేకపోతే ఏమవుతుందో మన జిల్లా పిల్లలే చెబుతారు. పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వర్ధినేని ప్రణీత విలువిద్యలో 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు వెళ్లింది. అదే ఊరి వ్యవసాయ కూలీల బిడ్డ జీవాంజి దీప్తి 2024 మేలో కోబెలో 400 మీటర్ల టీ20 (మేధో వైకల్యం ఉన్నవారి) విభాగంలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు సృష్టించి, ఆ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. ఒక పల్లె నుంచి ఇద్దరు! ఆ ఊళ్లో స్టేడియం లేదు. ఒక బడి ఉంది, పిల్లల కాళ్లలోని వేగాన్ని, చేతుల్లోని నిలకడను గుర్తించే ఉపాధ్యాయులు ఉన్నారు. ఆ తర్వాతి మెట్టు కోసం దీప్తి ద్రోణాచార్య అవార్డు పొందిన కోచ్ నాగపురి రమేశ్ దగ్గర శిక్షణకు హైదరాబాదు వెళ్లవలసి వచ్చింది. పతకం వచ్చాక ప్రభుత్వం ఆమెకు కోటి రూపాయలు, వరంగల్‌లో ఐదు వందల గజాల స్థలం, గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించింది, కోచ్‌కు పది లక్షలు. సంతోషించాను. అయితే పతకానికి ముందు అందే పదివేలు ఒక కుటుంబానికి చేసే మేలు వేరు. నిజామాబాద్ నుంచి నిఖత్ జరీన్, హుసాముద్దీన్ బాక్సింగ్‌లో ప్రపంచ స్థాయికి ఎదిగింది కూడా పెద్ద కట్టడాలతో కాదు.

కెన్యాలో ఇటెన్ అనే చిన్న కొండ ఊరు ఉంది. 1976లో కోల్మ్ ఓకానెల్ అనే ఐరిష్ ఉపాధ్యాయుడు అక్కడి పాఠశాలకు వచ్చి పిల్లలకు పరుగు నేర్పడం మొదలుపెట్టాడు. అక్కడినుంచి వరుసగా ప్రపంచ ఛాంపియన్లు వచ్చారు. ఇప్పుడు ఎక్కడెక్కడి దేశాల రన్నర్లు నెలల తరబడి అక్కడే ఉండి మట్టిబాటల మీద సాధన చేస్తారు. గెస్ట్‌హౌసులు, వంటవాళ్లు, మసాజ్ చేసేవాళ్లు, కూరగాయల రైతులు దాని మీద బతుకుతున్నారు. ముందు శిక్షణ, తర్వాత పేరు, ఆ తర్వాత అతిథులు, చివరికి కట్టడాలు, ఇదీ అక్కడి వరుస. మనం చివరి దానితో మొదలుపెడతాం. ఇటెన్ ఎత్తు మనకు లేదు, అది సముద్ర మట్టానికి సుమారు 2,400 మీటర్ల పైన ఉంది. వరుస మాత్రం మనమూ నేర్చుకోవచ్చు.

పోటీలు అసలే వద్దని నేను అనడం లేదు. రావాలి, అయితే వాటి డబ్బు ఊళ్లో నిలిచేలా షరతులు పెట్టాలి. ఒక పట్టణంలో రాష్ట్ర స్థాయి పోటీలు చూడటానికి వెళ్లాను, ఏ పట్టణమో చెప్పను. స్టేడియం గోడ పక్కన ఏడాదంతా మిర్చి బజ్జీలు, చెరుకు రసం అమ్మే తోపుడు బండ్లను భద్రత పేరుతో నాలుగు రోజుల ముందే ఖాళీ చేయించారు. లోపల ఒకే కాంట్రాక్టరు నీళ్ల సీసా రెట్టింపు ధరకు అమ్ముకున్నాడు. 2014 వీధి వ్యాపారుల చట్టం ఉన్నదే ఇలాంటి మనుషుల కోసం. ఏడాదంతా ఆ మైదానాన్ని నమ్ముకున్నవాడికి నాలుగు మంచి రోజులు రాగానే స్థానం లేకుండా పోయింది! బండి సంఖ్య రాసి, బ్యాడ్జీ ఇచ్చి, గేటు పక్కనే వరుసగా నిలబెడితే ఖర్చు ఏముంది? అలాగే బహుమతులు. మనకు జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి మీద నగిషీ చెక్కే కళాకారులు ఉన్నారు, కొత్తవాడలో దరీలు నేసేవాళ్లు ఉన్నారు. అయినా మన పోటీల్లో విజేతలకు ఇచ్చేది ఎక్కడినుంచో తెచ్చిన బంగారు రంగు ప్లాస్టిక్ కప్పు. ఏడాది గడిస్తే దాని చెవి ఊడిపోతుంది. జిల్లాలో జరిగే ప్రతి టోర్నమెంటు జ్ఞాపికలు పెంబర్తిలోనే చేయించాలని ఒక్క నిర్ణయం తీసుకుంటే, సంక్రాంతి కబడ్డీ, దసరా వాలీబాల్ పోటీలన్నీ కలిపి ఆ ఊరికి కాస్త నికరమైన పని దొరుకుతుంది.

2022లో ఊరూరా మొదలైన క్రీడా ప్రాంగణాల గురించి కూడా అడుగుతారని తెలుసు. ఆలోచన మంచిది. ఎకరం స్థలం, ఖోఖో, వాలీబాల్ కోర్టులు, వ్యాయామానికి ఇనుప కడ్డీలు. నేను చూసిన కొన్ని ఊళ్లలో పిల్లలతో కళకళలాడుతున్నాయి, మరికొన్ని చోట్ల నీలిరంగు బోర్డు మాత్రం నిలబడి ఉంది, దాని చుట్టూ పిచ్చిమొక్కలు నడుము ఎత్తున పెరిగాయి. రెండింటికీ ఇచ్చిన డబ్బులో తేడా లేదు. మొదటిది బడి పక్కన ఉంది, రెండోది ఊరి బయట శ్మశానం దారిలో ఉంది. స్థలం ఎంపిక చేసినవారు పిల్లవాడి కాళ్లతో కొలవకుండా, ఖాళీగా ఉన్న ప్రభుత్వ భూమి ఎక్కడుందో చూసి కొలిచారు.

చివరగా జేఎన్ఎస్‌కు వద్దాం. 2021 పోటీలు జరిగిన ట్రాక్ వయసు పెరుగుతోంది. ఇంకొన్నేళ్లలో దాన్ని మళ్లీ వేయాలి, అందుకు మళ్లీ కోట్లు కావాలి. ఇప్పటినుంచే ఏటా కొంత సొమ్ము విడిగా దాచే ఖాతా ఉందా, రోజూ ఎంతమంది వాడుతున్నారో రాసే రిజిస్టరు ఉందా, పోటీలకు అద్దెకిచ్చినప్పుడు వచ్చే రుసుము ఎటు పోతోంది, ఈ మూడు విషయాలు గేటు దగ్గర బోర్డు మీద రాసి పెట్టమని మనం అడగవచ్చు. అడగడానికి సమాచార హక్కు దరఖాస్తు రుసుము పది రూపాయలు. ఇక ప్రశ్నలుంటే అడగండి. పోలీసు ఉద్యోగాలకు తయారవుతున్న పిల్లలు ఉంటే వాళ్లు ముందు అడగాలి, ఎందుకంటే తెల్లవారితే వాళ్లకు గ్రౌండ్ ఉంది.